జోవియల్ మనిషి అంటే

"ఆయన చాలా జోవియల్ అండీ" అంటుంటాం. అలా అన్నప్పుడు మనసులో మెదిలేది జోకులు బాగా వేసే మనిషి. కానీ ఆ మాట మోసే బరువు అంతకన్నా ఎక్కువ.

రోమన్ల దేవతలకు రాజు జూపిటర్. జోవ్ అన్నా అతనే. గురుగ్రహానికి ఆ పేరే ఉంది. ఆ గ్రహం బలంగా ఉన్నప్పుడు పుట్టినవాళ్లు ఉల్లాసంగా, ఉదారంగా ఉంటారని వెనకటి యూరపు జ్యోతిషులు నమ్మేవారు. అలా జోవ్ పేరు నుంచి వచ్చిన విశేషణం 16వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషుకు చేరింది. జాతకాల సంగతి జనం మరిచిపోయినా మాట నిలిచిపోయింది. 1914లో గుస్తావ్ హోల్‌స్ట్ గ్రహాల మీద స్వరరచన మొదలుపెట్టినప్పుడు కూడా గురుడిని ఉల్లాసం తెచ్చేవాడన్నాడు.

శని పేరు మీద వచ్చిన 'శాటర్నైన్' అంటే ముభావంగా, దిగులుగా ఉండే మనిషి. శని విషయంలో వాళ్ల ఊహా మన ఊహా దగ్గరదగ్గరగానే ఉన్నాయి. తేడా గురుడి దగ్గరే. మనకూ ఆయన శుభగ్రహమే, కానీ దేవతలకు చదువు చెప్పే ఆచార్యుడు. బేస్తవారం అనే మాటలో దాగి ఉన్నది ఆ బృహస్పతే. ఆయన్ని పకపకా నవ్వే మనిషిగా మనం ఊహించుకోలేం.

ఇక వాడుక. జాలీ అనేది ఆ పూట హుషారు. పరీక్షలైపోయిన పిల్లలు జాలీగా ఉంటారు. జోవియల్ ఎక్కువగా మనిషి తత్వానికి చెప్పే మాట. నవ్వుకీ, గొంతుకీ, పలకరింపుకీ కూడా అతుకుతుంది. తనలో తాను నవ్వుకునేవాడికీ, ఎదుటివాణ్ణి నొప్పించి నవ్వించేవాడికీ నప్పదు. నాకు తోచినంతలో 'కలుపుగోలు మనిషి' దీనికి బాగా దగ్గర. దానికి కాస్త నిండు నవ్వు కలిపితే చాలు.

మా పెదనాన్న అలాంటివాడు. పెళ్లిళ్లలో పంక్తి చివర మొహమాటంగా కూర్చున్నవాళ్ల దగ్గరికే ముందు వెళ్లేవాడు. "ఏం బాబూ, బూరెకు చిల్లు పెట్టకుండా తింటున్నావా? నెయ్యెక్కడ పోయాలి?" అంటూ తనే వేలితో చిల్లు పొడిచి నెయ్యి పోయించేవాడు. ఆయన అటు తిరిగేలోపు, అప్పటిదాకా తలెత్తని కుర్రాడు పక్కవాడితో కబుర్లలో పడేవాడు.