నారింజపండు పట్టించిన మొగుడు!

మొగుడు ఫ్లోరిడా వెళ్తున్నానని చెప్పి ఊళ్ళోనే మకాం వేశాడు. పెళ్ళాం సంగీతం మాస్టారితో బయటికెళ్ళి రాత్రంతా ఇంటికి రాలేదు. ఆ తర్వాత ఇద్దరూ ఎదురుపడ్డారు. మన సినిమాల్లో అయితే ఈ సీనుకి ఉరుములూ మెరుపులూ, ఓ విషాదగీతం, తాళిబొట్టు కళ్ళకద్దుకుని ఏడ్చే హీరోయినూ తప్పవు. నేను చెప్పబోయే సినిమాలో మాత్రం ఈ సీనుకి నవ్వులే నవ్వులు!

ఆ సినిమా పేరు 'ది ఆఫుల్ ట్రూత్'. అంటే 'ఘోరమైన నిజం' అన్నమాట. 1937లో కొలంబియా వారు తీశారు. దర్శకుడు లియో మెకారీ. హీరో కేరీ గ్రాంట్, హీరోయిన్ ఐరీన్ డన్. నలుపు తెలుపుల్లో గంటన్నర సినిమా. ఇప్పటికి నాలుగుసార్లు చూశాను. ఐదోసారి చూడమన్నా నేను రెడీ!

పండు చెప్పిన సాక్ష్యం

హీరో జెర్రీ మహా ఘటికుడు. ఫ్లోరిడా వెళ్ళొచ్చినవాడి ఒళ్ళు ఎండకి రంగు మారాలి కదా! అందుకని క్లబ్బులో దీపం కింద పడుకుని ఒళ్ళు కాల్చుకుంటాడు. పైగా భార్యకి బుట్టెడు నారింజపళ్ళు కానుక. తీరా ఇంటికొస్తే భార్య లూసీ లేదు. కాసేపటికి రాత్రి పార్టీ దుస్తుల్లోనే వస్తుంది, ఆ వెనకాలే మాస్టారు. దారిలో కారు చెడిపోయిందట! జెర్రీ మొహం మాడిపోతుంది. లూసీ తాపీగా బుట్టలోంచి ఓ పండు తీసి చూస్తుంది. దానిమీద 'కాలిఫోర్నియా' అని ముద్ర! ఫ్లోరిడాలో కాలిఫోర్నియా పళ్ళెలా కాశాయి నాయనా?

అంతే, ఇద్దరూ విడాకులకి సిద్ధం. లూసీ ప్లీడరుకి ఫోన్ చేస్తే, 'పెళ్ళంటే ఎంత చక్కటి బంధమమ్మా' అని నీతులు చెబుతూనే, మధ్యలో భోజనానికి పిలిచిన సొంత పెళ్ళాం మీద విరుచుకుపడతాడు. కోర్టులో ఆస్తి గొడవ లేదు, పెంపుడు కుక్క గొడవ! అది ఎవరి దగ్గరికి వెళితే వాళ్ళదే అంటాడు జడ్జి. లూసీ దానికిష్టమైన బొమ్మని రహస్యంగా చూపించి గెలిచేస్తుంది. విడాకులు ఖాయం కావడానికి 90 రోజులు గడువు. ఆ 90 రోజులూ ఒకరి కొత్త సంబంధాన్ని ఇంకొకరు చెడగొట్టడమే తక్కిన కథంతా.

అసలు తప్పు చేసిందెవరు?

నన్ను కట్టిపడేసిన సంగతి ఇక్కడుంది. జెర్రీ ఆ రోజులన్నీ ఎక్కడ గడిపాడు? లూసీ, మాస్టారు నిజంగా నిర్దోషులేనా? సినిమా చివరిదాకా చెప్పరు! జెర్రీ అబద్ధమాడాడన్నది మాత్రం పండు మీద అచ్చుగుద్దినంత నిజం. కానీ ముందుగా నిలదీసేది ఎవర్ని? లూసీని. అబద్ధమాడినవాడే జడ్జి కుర్చీలో కూర్చుంటాడు. ఈ చోద్యాన్ని మెకారీ ఉపన్యాసాలతో కాదు, నవ్వులతో ఎండగట్టాడు.

ఓరోజు భార్యని రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకుందామని జెర్రీ మాస్టారి ఇంట్లోకి దూసుకొస్తాడు. అక్కడ బోలెడుమంది పెద్దమనుషుల ముందు లూసీ కచేరీ చేస్తోంది! బిక్కచచ్చి వెనక కుర్చీలో కూలబడతాడు. కుర్చీ వెనక్కి వాలుతుంది, హీరోగారు ధడేల్! పాట చివర్లో లూసీ గొంతులోంచి చిన్న నవ్వు పొంగుకొస్తుంది. ఆ నవ్వులో కోపం లేదు. 'ఈ పిచ్చి మారాజుని నేనింకా ప్రేమిస్తూనే ఉన్నాను' అన్న సంగతి అప్పుడే ఆమెకి తెలిసినట్టనిపిస్తుంది నాకు.

మనకి అనుమానం కథలు కొత్తా? 'లవకుశ' 1934లో ఒకసారి, 1963లో రంగుల్లో మరోసారి వచ్చింది. చాకలి మాటకి సీతమ్మ అడవుల పాలైతే మనం కన్నీళ్ళు పెట్టుకున్నాం. ఆ తర్వాత సాంఘిక చిత్రాల్లోనూ పాతివ్రత్యం రుజువు చేసుకునే పూచీ ఎప్పుడూ హీరోయిన్‌దే. లూసీ మాత్రం ఎవరికీ ఏ రుజువూ చూపించదు. రుజువు అడగడం మానేశాకే జెర్రీ మళ్ళీ మొగుడవుతాడు!

హీరో పారిపోదామనుకున్న సినిమా

మెకారీ పద్ధతే వేరు. పూర్తి స్క్రిప్టు చేతికివ్వకుండా, సెట్ మీదే డైలాగులు అల్లించేవాడు. కంగారెత్తిపోయిన కేరీ గ్రాంట్ నన్నొదిలేయండి మొర్రో అని కంపెనీ వాళ్ళని బతిమాలుకున్నాడు. వాళ్ళు వదల్లేదు. అదే సినిమా అతన్ని కామెడీ హీరోల్లో తిరుగులేనివాణ్ణి చేసింది! లూసీ వెంటపడే ఓక్లహోమా ఆయిల్ ఆసామీగా వేసిన రాల్ఫ్ బెల్లమీ 'నాకు పాట రాదు బాబూ' అన్నా వినకుండా పాడించారు. ఆ అపస్వరమే సినిమాలో నవ్వుల పంట.

ఆరు ఆస్కార్ నామినేషన్లు వస్తే, ఉత్తమ దర్శకుడి బహుమతి మెకారీకి దక్కింది. ఆయన బహుమతి అందుకుంటూ, మీరు తప్పు సినిమాకి ఇచ్చారన్నాడట! అదే ఏడాది తను తీసిన 'మేక్ వే ఫర్ టుమారో' అంటేనే ఆయనకి ప్రాణం. పిల్లలకి బరువైన ముసలి దంపతుల కథ అది.

గడియారంలో బొమ్మలు

ఆఖరి సీను గడువు పూర్తయ్యే రాత్రి. అర్ధరాత్రి దాటితే ఇద్దరూ పరాయివాళ్ళే. పక్కపక్క గదులు, మధ్యలో సరిగా పడని తలుపు. 1934 నుంచీ హాలీవుడ్‌లో నీతినియమావళి గట్టిగా అమల్లో ఉండేది. పడకగది వ్యవహారాలు తెరమీద చూపించడానికి వీల్లేదు. మెకారీ ఏం చేశాడనుకున్నారు? గోడ గడియారంలో ఓ మగ బొమ్మ, ఓ ఆడ బొమ్మ. గంట కొట్టినప్పుడల్లా చెరో తలుపులోంచీ వచ్చి, ఎవరి తలుపులోకి వాళ్ళు వెళ్ళిపోతుంటాయి. పన్నెండు కొట్టగానే మగ బొమ్మ తన తలుపు వదిలేసి ఆడ బొమ్మ వెంట వెళ్ళిపోతుంది. శుభం! సెన్సారు కత్తెరకి దొరక్కుండా ఇంత ముద్దుగా చెప్పిన శోభనం సీను నేను మరోటి చూళ్ళేదు.

పెళ్ళి కుదిరినవాళ్ళూ, కుదరాల్సినవాళ్ళూ వీలు చూసుకుని ఈ సినిమా తప్పక చూడండి. అబ్బాయిలు రెండోసారి కూడా చూడాలి సుమండీ!