బక్స్, గ్రాండ్, గ్రీన్‌బ్యాక్: డాలరుకు ఎన్ని పేర్లో!



“ఈ షూస్ రెండు వేల బక్స్ అట!” అని మీ పిల్లలు అనడం వినే ఉంటారు. సినిమాలు, వీడియోల ద్వారా మన ఇళ్లలోకి వచ్చిన అమెరికా వాడుక మాట ఇది. ఇలాంటివే మరికొన్ని చూద్దాం.

బక్: ఒక డాలరు. బక్ అంటే మగ జింక. 18వ శతాబ్దంలో అక్కడ జింక తోళ్లు డబ్బులా చేతులు మారేవి. ఈ పేరు అలా వచ్చిందనే అంటారు.

గ్రీన్‌బ్యాక్: అంతర్యుద్ధం ఖర్చుల కోసం 1861లో అమెరికా ప్రభుత్వం విడుదల చేసిన నోట్ల వెనుక వైపు ఆకుపచ్చ సిరాతో అచ్చయింది. మనం ‘పచ్చనోటు’ అన్నట్టే!

సాబక్: పది డాలర్ల నోటు. పాత నోట్లపై ఉన్న రోమన్ అంకె ‘ఎక్స్’, కట్టెలు కోసే స్టాండు కాళ్లలా కనిపించేది.

సి-నోట్: వంద డాలర్ల నోటు. రోమన్ అంకెల్లో ‘సి’ అంటే వంద.

బెంజమిన్: ఇదీ వంద నోటే. దానిపై ఉన్నది బెంజమిన్ ఫ్రాంక్లిన్ బొమ్మ. ఆయన ఎన్నడూ అధ్యక్షుడు కాలేదు. క్విజ్‌లో చాలామంది పొరబడేది ఇక్కడే!

గ్రాండ్: వెయ్యి డాలర్లు. అమెరికాలో చదువుకునే మన పిల్లలకు ఇంటి అద్దె ‘టూ గ్రాండ్’ అని చెబితే రెండు వేల డాలర్లని అర్థం. అది తెలియకపోతే లెక్కే తప్పుతుంది.

ఈ మాటలు వాడారని పిల్లలను కోప్పడకండి. కబుర్లలో ఇవి సరదాగానే ఉంటాయి. పరీక్షలో రాసే వ్యాసంలో, స్కాలర్‌షిప్ దరఖాస్తులో మాత్రం డాలర్లు, రూపాయలు అనే రాయాలని చెప్పండి. ఏ మాట ఎక్కడ వాడాలో తెలియడమూ భాష నేర్చుకోవడంలో భాగమే.