నొక్కి మాట్లాడు, వదిలి విను

నిజాం షుగర్ ఫ్యాక్టరీ, వాకీటాకీ ఒక ఈడువి. రెండూ 1937లో పుట్టాయి. ఒకదాని పుట్టిల్లు బోధన్ పక్కన శక్కర్‌నగర్, రెండోదానిది కెనడా అడవులు. ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకున్న ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది, 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటనతో ఆగిపోయింది. వాకీటాకీ మాత్రం జేబుకో సెల్‌ఫోను వచ్చిన ఈ కాలంలోనూ నిజామాబాద్ పోలీసు భుజానికి వేలాడుతూ, రైల్లో గార్డు చేతిలో ఉంటూ డ్యూటీ చేస్తూనే ఉంది. చిత్రమేమిటంటే సెల్‌ఫోను దాని వంశంలో పుట్టిన బిడ్డే. ఆ బిడ్డ కూడా దాన్ని ఇంటికి పంపలేకపోయింది.

రేడియో మొదట్లో ఒకవైపే మాట్లాడేది. 1928లో అమెరికాలోని డెట్రాయిట్ పోలీసులు కార్లలో రేడియోలు పెట్టుకున్నారు. ఆఫీసు చెప్పింది వినడమే తప్ప కారులోంచి జవాబు చెప్పే వీలుండేది కాదు. చెప్పాలంటే దారిలో ఆగి టెలిఫోను వెతుక్కోవాలి. 1933లో న్యూజెర్సీలోని బేయాన్ పట్టణ పోలీసులకు రెండువైపులా మాట్లాడే రేడియోలు వచ్చాయి గానీ, వాటి బరువు మోయడానికి కారే కావాలి. ఆ రేడియోను మనిషి మోసుకెళ్లేలా చేసినవాడు డొనాల్డ్ హింగ్స్. అతను పనిచేసే గనుల కంపెనీ కెనడా ఉత్తరాన మనుషులు తిరగని చోట్ల ఖనిజాలు వెతికేది. చిన్న విమానాల్లో అక్కడ దిగినవారు ఆపదలో చిక్కుకుంటే కబురు పంపే దారి ఉండేది కాదు. వాళ్ల కోసమే హింగ్స్ 1937లో నీళ్లకు పాడవని సెట్టు తయారుచేశాడు. మరుసటి ఏడాది క్లీవ్‌లాండ్‌లో ఆల్‌ఫ్రెడ్ గ్రాస్ అనే కుర్రాడు చేతిలో ఇమిడేదొకటి తయారుచేశాడు.

ఆ తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. మోటరోలా పేరుతో రేడియోలు అమ్మే గాల్విన్ కంపెనీ అమెరికా సైన్యానికి రెండు రకాలు చేసి ఇచ్చింది. చేతిలో పట్టుకునే ఎస్‌సీఆర్-536 బరువు రెండు కిలోల పైచిలుకు. దీనికి వేరే స్విచ్చు లేదు, ఏంటెనా బయటికి లాగితే చాలు సెట్టు ఆన్ అవుతుంది. వీపున మోసే ఎస్‌సీఆర్-300 దాదాపు 15 కిలోలు, 18 వాల్వులు, సుమారు 5 కిలోమీటర్ల దూరం. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1933లో పేటెంటు పొందిన ఎఫ్‌ఎం పద్ధతిని ఇందులో వాడారు కాబట్టి గరగరలు తగ్గి మాట స్పష్టమైంది. తర్వాత ట్రాన్సిస్టర్లు వచ్చి వాల్వులను తోసేశాయి. వీపు మీది సెట్టు నడుముకు దిగింది.

సెట్టు అవసరం ఎంతటిదో చెరకు మండలంలో బాగా తెలుస్తుంది. 1931లో మంజీరపై నిజాంసాగర్ పూర్తయి కాలువ నీళ్లు పారాకనే బోధన్ చుట్టూ చెరకు విస్తరించింది. ఫ్యాక్టరీ వచ్చింది, 1938లో జానకంపేట నుంచి బోధన్‌కు రైలు వచ్చింది. అయితే గడ కోసిన క్షణం నుంచీ అందులోని చక్కెర తరగడం మొదలవుతుంది. ఇన్వర్టేస్ అనే ఎంజైము సుక్రోజును గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొడుతుంది. అవి పంచదార పలుకులు కట్టవు. కోసిన చివరల నుంచి బ్యాక్టీరియా కూడా చేరుతుంది. అందుకే 24 గంటల్లో గడ గానుగకెక్కాలంటారు. మిల్లు ఏ కారణంగా ఆగినా ఆ సంగతి తోటలో కత్తి పట్టుకున్నవారికి వెంటనే తెలియాలి. తెలియకపోతే వాళ్లు కోస్తూనే ఉంటారు, బళ్లు యార్డులో బారులు తీరుతాయి, గడ ఎండిపోతుంది, నష్టం రైతు నెత్తిన పడుతుంది. ఊరికో ఫోను కూడా లేని రోజుల్లో ఆ కబురు సైకిలెక్కి వెళ్లాల్సిందే. దేశంలో పలు చక్కెర మిల్లులు లైసెన్సు తీసుకుని వైర్‌లెస్ సెట్లు పెట్టుకున్నది ఈ బాధ తప్పించుకోవడానికే.

ఏపుగా పెరిగిన చెరకు మూడు మీటర్లు దాటుతుంది. లోపల మనిషి కనపడడు, మరి తరంగం బయటికెలా వస్తుంది? సెట్లు ఎక్కువగా వాడేది 150 మెగాహెర్ట్జ్ దరిదాపుల్లోని వీహెచ్‌ఎఫ్‌ను, లేదా 450 దరిదాపుల్లోని యూహెచ్‌ఎఫ్‌ను. మొదటిదాని తరంగం పొడవు సుమారు 2 మీటర్లు, రెండోదానిది 67 సెంటీమీటర్లు. నీరు నిండిన ఆకులు పొట్టి తరంగాన్నే ఎక్కువగా మింగేస్తాయి. అందుకని తోటల్లో వీహెచ్‌ఎఫ్ మేలు. ఇనుప దూలాలు, గోడల సందుల్లోంచి దూరిపోవడంలో పొట్టి తరంగానిదే పైచేయి, కాబట్టి ఫ్యాక్టరీ లోపల యూహెచ్‌ఎఫ్ నయం.

దూరాన్ని తేల్చేది వాట్లకన్నా ఎక్కువగా ఎత్తు. ఈ తరంగాలు దాదాపు చూపులాగే తిన్నగా సాగుతాయి, భూమి వంపు అడ్డొచ్చిన చోట ఆగిపోతాయి. ఒకటిన్నర మీటరు ఎత్తున సెట్లు పట్టుకున్న ఇద్దరు లెక్క ప్రకారం మైదానంలో పది కిలోమీటర్ల దాకా మాట్లాడుకోవచ్చు. చెట్లు, ఇళ్లు, తోటలు అందులో చాలావరకు కోసేస్తాయి. అదే 30 మీటర్ల మాస్టు మీద రిపీటర్ పెడితే చేతిసెట్టు 27 కిలోమీటర్ల దాకా అందుకుంటుంది. నిజామాబాద్ నుంచి బోధన్‌కు దూరం దాదాపు 25 కిలోమీటర్లు. రిపీటర్ ఒక ఫ్రీక్వెన్సీ మీద విన్నదాన్ని అదే క్షణంలో మరో ఫ్రీక్వెన్సీ మీద గట్టిగా పంపుతుంది. అది పాడైనా సెట్లు మూగబోవు. డైరెక్ట్ చానల్‌కు మారితే దగ్గర్లో ఉన్నవారితో మాట్లాడుకోవచ్చు.

సెట్టు వాడే తీరులోనూ కిటుకులున్నాయి. పక్కనున్న బటన్ నొక్కగానే మాట్లాడితే మొదటి అక్షరం తెగిపోతుంది. ‘రావద్దు’ అన్నది అవతల ‘వద్దు’గా చేరినా చేరుతుంది. నొక్కి, అర సెకను ఆగి, మాట మొదలుపెట్టాలి. ఒకే దారిలో మాట వెళ్లాలి, రావాలి కాబట్టి ముగించాక ‘ఓవర్’ అని బటన్ వదలాలి. వదలగానే అవతలి సెట్టులో ‘కర్ర్’ మంటుంది. తరంగం అందనప్పుడు ఎఫ్‌ఎం రిసీవర్ హోరెత్తుతుంది. ఆ హోరు వినపడకుండా నోరు మూసే ఏర్పాటును స్క్వెల్చ్ అంటారు. మాట ఆగాక అది మూయడానికి కాస్త ఆలస్యం చేస్తుంది, ఆ సందులో వినపడేదే కర్రుమనే చప్పుడు. నడుముకు తగిలించుకునే మాట్లాడితే ఒంట్లోని నీరు తరంగాన్ని మింగుతుంది. సెట్టును ముఖం దగ్గర పట్టుకుని ఏంటెనా నిటారుగా నిలపాలి. దుమ్మూ వానా తగిలే పనికి ఐపీ 67 గుర్తున్న సెట్లు వాడతారు. ఆ గుర్తుంటే దుమ్ము దూరదని, మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా పాడవదని అర్థం.

1967లో చికాగో పోలీసులకు చేతిరేడియోలు తయారుచేసిన మోటరోలా ఇంజనీరు మార్టిన్ కూపర్, 1973 ఏప్రిల్ 3న న్యూయార్క్ వీధిలో నిలబడి మొదటి సెల్‌ఫోను కాల్ చేశాడు. మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జులై 31న మోగింది. బిడ్డ తల్లిని మించింది. ఖండాంతరాలకు మాట పంపుతుంది, బొమ్మలు పంపుతుంది. అయినా పది అడుగుల దూరంలో ఉన్న రెండు ఫోన్లు మామూలు కాల్ మాట్లాడుకోవాలన్నా మధ్యలో టవర్ ఉండాల్సిందే. కరెంటు పోయి, బ్యాటరీ అయిపోయి, జనరేటర్‌కు డీజిల్ అందకపోతే ఆ టవర్ కింద ఉన్న ఫోన్లన్నీ ఒకేసారి మూగబోతాయి. 2025 ఆగస్టు 27న కామారెడ్డి, మెదక్ జిల్లాల్లో కురిసిన కుండపోతకు రోడ్లు తెగాయి, భిక్కనూరు - తలమడ్ల మధ్య రైలు కట్ట కొట్టుకుపోయింది. దారులే తెగిన రోజున టవర్‌కు డీజిల్ ఎలా చేరుతుంది?

జనం పోటెత్తినా ఇదే ఇబ్బంది. ఒక టవర్ ఒక్కసారి మోయగల మాటలకు లెక్క ఉంటుంది. 2015 జులైలో గోదావరి పుష్కరాలకు మంజీర, హరిద్రలు గోదావరిలో కలిసే కందకుర్తికి జనం వచ్చినప్పుడైనా, నిజామాబాద్‌లో వినాయక నిమజ్జనం రోజైనా తప్పిపోయిన పిల్లవాడి గురించి ఒక్కొక్కరికీ నంబరు కొట్టి చెప్పే తీరిక ఎవరికుంటుంది? సెట్టులో ఒక్కసారి చెబితే చానల్‌లో ఉన్నవారందరూ వింటారు, ఘాట్ దగ్గరున్న కానిస్టేబులూ పార్కింగ్‌లో ఉన్న హోంగార్డూ ఒకేసారి వెతుకుతారు. ఊరి చావడిలో అందరి ముందూ చెప్పిన మాటలాంటిదది.

రైల్వేలోనూ ఇదే తీరు. బండి ముందు లోకో పైలట్, చివర గార్డు (2022 నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నారు) ఒకప్పుడు జెండాలతో, దీపాలతో సైగలు చేసుకునేవారు. ఇప్పుడు 5 వాట్ల సెట్లతో మాట్లాడుకుంటారు. స్టేషన్లలో 25 వాట్లవి ఉంటాయి. మధ్యలో బండి ఆగిపోతే డ్రైవరూ గార్డూ స్టేషన్ మాస్టరూ ఆ ఒక్క చానల్ మీదే కలుస్తారు.

దూరం మరీ ఎక్కువైతే వాకీటాకీ చేతులెత్తేస్తుంది. అక్కడ దాని అన్న, ఔత్సాహికులు నడిపే హామ్ రేడియో ఆదుకుంటుంది. అది వాడే పొడుగు తరంగాలు ఆకాశంలోని అయనోస్ఫియర్‌ను తాకి వెనక్కి వంగి వేల కిలోమీటర్ల అవతల దిగుతాయి. 1983లో హైదరాబాద్‌లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందంతో భారతీ ప్రసాద్ 2004 డిసెంబరులో పోర్ట్‌బ్లెయిర్ వెళ్లారు. సరదా సంభాషణల కోసం పెట్టిన సెట్టది. 26న సునామీ వచ్చి ఫోన్లు పనిచేయనప్పుడు, ద్వీపాల్లోని వారి క్షేమ సమాచారాన్ని ప్రధాన భూభాగానికి మోసింది ఆ సెట్టే.

ఇంత పనికొచ్చేదైనా సెట్టు కొనేముందు చట్టం చూడాలి. పోలీసు, రైల్వే వాడే ఫ్రీక్వెన్సీల్లో ఎవరు పడితే వారు మాట్లాడితే ఆపదలో ఉన్నవారి మాటకు అడ్డు పడతారు. అందుకే మన దేశంలో వైర్‌లెస్ సెట్లకు లైసెన్సు కావాలి. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ శక్తి సెట్లకు మినహాయింపు ఉంది. వాటికీ ప్రభుత్వ ఆమోద ధ్రువపత్రం ఉండాలి. అవేవీ లేకుండా ఆన్‌లైన్‌లో అమ్ముతున్నందుకు 2025 మేలో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నోటీసులిచ్చింది.

సెట్టు కొని బీరువాలో పెట్టడంతోనే పని అయిపోదు. వరద ముంచెత్తిన రోజున ఏ చానల్‌లో ఎవరుంటారో, బటన్ ఎప్పుడు వదలాలో కొత్తగా నేర్చుకునే వ్యవధి ఉండదు. వానాకాలానికి ముందే బ్యాటరీలు చార్జ్ చేసి, ఒక పూట అందరూ చానల్‌లోకి వచ్చి మాట్లాడి చూసుకుంటే, టవర్ పడిపోయిన రోజున ఆ సెట్టు అక్కరకొస్తుంది.