వెండి చెంచా నల్లబడితే కల్తీయేనా?

ఢిల్లీ చాందినీ చౌక్‌లోని దరీబా కలాన్ వీధి వెండి దుకాణాలకు పేరు. అక్కడ కొన్న చెంచాలు కొన్ని నెలలకే నల్లబడితే చాలామందికి కల్తీ జరిగిందనే అనుమానం వస్తుంది. నిజానికి మేలిమి వెండి కూడా నల్లబడుతుంది.

దీనికి ప్రధాన కారణం గాలిలోని హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్లిన గుడ్ల వాసన వచ్చే ఈ వాయువు మురుగు కాలువల నుంచి వెలువడుతుంది. అది వెండితో కలిస్తే సిల్వర్ సల్ఫైడ్ అనే నల్లని పొర ఏర్పడుతుంది. గాలిలో తేమ ఉంటే ఈ చర్య వేగం పెరుగుతుంది. గుడ్డులోనూ, రబ్బరు బ్యాండులోనూ ఉండే గంధకం చేసేదీ ఇదే పని.

స్వచ్ఛత తెలియాలంటే హాల్‌మార్క్ చూడాలి. ‘925’ అంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి. మేలిమి వెండి మెత్తగా ఉంటుంది కాబట్టి, చెంచా వంగకుండా సాధారణంగా రాగి కలుపుతారు. 2025 సెప్టెంబరు 1 నుంచి వెండి హాల్‌మార్కింగ్‌లో ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ వచ్చింది. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. ఈ విధానం స్వచ్ఛందంగానే మొదలైంది కనుక కొనేవారే అడిగి తీసుకోవాలి.

పొడులతో రుద్దితే నలుపుతోపాటు కొంత వెండీ అరిగిపోతుంది. గిన్నె అడుగున అల్యూమినియం ఫాయిల్ పరిచి, వంటసోడా కలిపిన వేడినీళ్లు పోసి, చెంచాలు ఫాయిల్‌కు తగిలేలా ఉంచితే రసాయన చర్య జరుగుతుంది. అల్యూమినియం ఎలక్ట్రాన్లను ఇవ్వడంతో గంధకం విడిపోయి, వెండి చాలావరకు చెంచాపైనే నిలుస్తుంది. వెండిపూత వస్తువులకు, రాళ్లు పొదిగినవాటికి, నగిషీలో కావాలని నలుపు ఉంచినవాటికి ఈ పద్ధతి వద్దు.

రోజూ వాడి, కడిగి, పొడిగా తుడిచే చెంచా మీద నలుపు అంత తొందరగా పేరుకోదు.