12 మందికి 9 గుడ్లు

ఒక చిన్న బడి ఉన్నదనుకోండి. అందులో మూడు తరగతులు. మొదటి తరగతిలో 4 గురు పిల్లలు, రెండవ తరగతిలో 3 గురు, మూడవ తరగతిలో 5 గురు. మొత్తం 12 మంది. అందరూ కోడిగుడ్డు తినేవాళ్ళే. మధ్యాహ్న భోజనానికి ఎన్ని గుడ్లు కావాలో వంటమనిషికి పొద్దున్నే చెప్పాలి.

ఈ లెక్క తేవటానికి బంట్రోతును పంపితే అతను ఏం చేస్తాడు? పలక పట్టుకుని మొదటి గదిలోకి వెళతాడు. ఒక్కొక్కరినే అడిగి పలక మీద గీత గీస్తాడు. ఆ గదిలో ఆఖరివాడు కూడా అయిన తరవాతనే రెండవ గదిలో అడుగు పెడతాడు. అంటే అతను రెండు విధాలుగా తిరుగుతున్నాడన్నమాట. గది తరవాత గదికి పోవటం ఒకటి. గదిలో పిల్లవాడి తరవాత పిల్లవాడి దగ్గరికి పోవటం మరొకటి.

కంప్యూటరు కూడా ఇలాగే తిరుగుతుంది. అయితే దానికి అర్థమయే భాషలో చెప్పాలి. అటువంటి భాషలలో జావాస్క్రిప్టు ఒకటి. దాని తొలి రూపాన్ని 1995 లో, అమెరికాలోని నెట్‌స్కేప్ కంపెనీలో, బ్రెండన్ ఐక్ అనే ఆయన పది రోజులలో తయారు చేశాడు.

ఈ భాషలో, వరసగా పేర్చినవాటిని అర్రే అంటారు. పేరు చీటీలు అంటించిన అరలున్న పెట్టెను ఆబ్జెక్టు అంటారు. మన బడి మూడు తరగతుల అర్రే. ఒక్కొక్క తరగతీ ఒక ఆబ్జెక్టు. దానికి "పేరు" అని ఒక అర, "పిల్లలు" అని ఒక అర ఉన్నాయి. "పిల్లలు" అనే అరలో మళ్ళీ ఒక అర్రే. అందులో ప్రతి పిల్లవాడూ ఒక ఆబ్జెక్టు. వాడికి "పేరు", "గుడ్డు" అని రెండు అరలు. చూశారా, పెట్టెలో పెట్టె!

ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించటాన్ని లూపు అంటారు. తరగతుల కోసం ఒక లూపు, దాని లోపల పిల్లల కోసం మరొక లూపు. లోపలి లూపు పూర్తి అయితేనే బయటిది ఒక అడుగు ముందుకు వేస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. జావాస్క్రిప్టు వరస సంఖ్యలను ఒకటితో కాక, సున్నతో మొదలు పెడుతుంది. మొదటి పిల్లవాడి సంఖ్య 0, నాలుగవ వాడి సంఖ్య 3. ఇది మరిచి లోపలి లూపును 1 నుంచి మొదలు పెట్టామా, ప్రతి తరగతిలోనూ మొదటి పేరు తప్పిపోతుంది. 3, 2, 4 కలిపి 9 గుడ్లే వస్తాయి. యంత్రం కిక్కురుమనదు. ముగ్గురి పళ్ళాలలో గుడ్డు ఉండదు. రోజూ ఆ ముగ్గురికే!

రెండవ కొసన పొరపాటు చేస్తే సంగతి వేరు. నలుగురే ఉన్న గదిలో సంఖ్య 4 గల పిల్లవాణ్ణి అడిగితే, "అన్‌డిఫైన్డ్" అని జవాబు వస్తుంది. లేని పిల్లవాడి "గుడ్డు" అర తెరవబోతే తప్పు చూపించి ఆగిపోతుంది. అరిచే తప్పును వెంటనే దిద్దుకోవచ్చు. అరవని తప్పుతోనే ప్రమాదం.

పలక సంగతి కూడా మరవకూడదు. దాన్ని బయలుదేరే ముందు ఒక్కసారే తుడవాలి. ప్రతి గది గుమ్మం దగ్గరా తుడిస్తే చివరకు మిగిలేది మూడవ తరగతి లెక్క, అంటే 5 మాత్రమే.

సున్న గొడవ లేకుండా, వరసలో ఉన్నవాటిని తానే ఒక్కొక్కటిగా అందించే "ఫర్ ఆఫ్" అనే లూపు 2015 లో ఈ భాషలో చేరింది. అర్రేలకు అది ఎంతో హాయి. కాని మామూలు ఆబ్జెక్టు మీద అది నడవదు. ముందుగా "ఆబ్జెక్ట్ కీస్" అనే సాధనంతో అరల చీటీల జాబితా తీయించాలి. ఆ జాబితా ఒక అర్రే. కనక దాని మీద లూపు నడుస్తుంది.

పెట్టెలో ఎన్ని పెట్టెలున్నాయో ముందుగా తెలియకపోతే? "పెట్టె తెరువు. లోపల మరొక పెట్టె ఉంటే దానికీ ఇదే పని చెయ్యి" అని ఆజ్ఞ ఇస్తారు. పని తనను తానే పిలుచుకునే ఈ పద్ధతిని రికర్షన్ అంటారు.

పెద్ద బడి లెక్కను యంత్రానికి అప్పగించే ముందు, వేళ్ళ మీద లెక్కించగల చిన్న బడిని ఇచ్చి చూడండి. 12 వస్తే సరిపోదు. ప్రతి తరగతిలోనూ మొదటి పేరూ, చివరి పేరూ వచ్చాయో లేదో కూడా చూడండి. యంత్రానికి ఆకలి తెలియదు. లెక్క తప్పితే పస్తుండేది పిల్లలే.

ఇక మీకొక లెక్క: మన బడిలో బయటి లూపు, లోపలి లూపు రెండూ 1 నుంచే మొదలైతే ఎన్ని గుడ్లు వస్తాయి? పలక మీద వేసి చూడండి.

(జవాబు: 6)