శ్రీముఖలింగం

శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున ఉన్న చిన్న పల్లె శ్రీముఖలింగం. ఒకప్పుడు ఇదే తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం. 1078లో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగదేవుని కాలంలో రాజధాని కటకానికి తరలింది. పూరీ జగన్నాథాలయ నిర్మాణానికి పూనుకొన్నదీ ఆయనే. క్రమంగా కళింగనగరం పేరు మరుగున పడింది.

మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయాలు మాత్రం నిలిచాయి. వీటిలో సోమేశ్వరాలయాన్ని తప్పక చూడాలి. దానికి ముఖమండపం లేదు. గర్భగుడిపై నిటారుగా లేచి, పైన లోపలికి వంగిన శిఖరం ఒక్కటే ఉంది. భువనేశ్వర్ ఆలయాలలో కనిపించే కళింగ వాస్తురీతి ఇదే.

మధుకేశ్వరాలయంలో శాసనాలెన్నో ఉన్నాయి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులుగారు ప్రాచీన లిపులను సొంతంగా నేర్చుకొని వాటిని చదివారు. కళింగనగరం ఇదేనని చెప్పారు. ఆయన పుట్టిన పర్వతాలపేట ఈ ఊరికి దగ్గరలోనే ఉంది.