వెలుగును సైతం విచారించి చూడాలి

రాత్రివేళ నక్షత్రాల నడుమ కనిపించే చీకటి మనకు శూన్యంగా తోస్తుంది. కాని అందులో ఎంతో ఉంది. వందల, వేల గెలాక్సీలు గుమిగూడిన సమూహాలలో, వాటి మధ్య కోట్ల డిగ్రీల వేడిగల పలుచని వాయువు నిండి ఉంటుంది. భూమ్యాకాశాల సృష్టిని గురించి యోచించమని దివ్య ఖుర్‌ఆన్ మనల్ని పదే పదే పిలుస్తోంది. ఆ యోచన ఎంత జాగ్రత్తగా సాగాలో తెలిపే ఒక ఉదంతాన్ని పాఠకుల ముందుంచుతున్నాము.

1992 జూన్‌లో నాసా ఒక ఉపగ్రహాన్ని ప్రయోగించింది. భూవాతావరణం అడ్డుకునే తీవ్ర అతినీలలోహిత కాంతిని అంతరిక్షం నుండి పరిశీలించడం దాని పని. 1996లో రిచర్డ్ లియూ, స్టువర్ట్ బోయర్ తదితర శాస్త్రజ్ఞులు ఒక విశేషం ప్రకటించారు. కన్య, కోమా అనే గెలాక్సీ సమూహాల చుట్టూ, ఆ వేడి వాయువు వెదజల్లగలిగిన దానికన్నా ఎక్కువగా ఈ కాంతి పరచుకొని ఉన్నదన్నారు. అక్కడ పది లక్షల డిగ్రీల మరో వాయువు దాగి ఉన్నదని కొందరు భావించారు. మహావేగంతో సాగే ఎలక్ట్రాన్లు విశ్వమంతటా వ్యాపించిన సూక్ష్మతరంగాలను ఢీకొని, వాటి శక్తిని పెంచుతున్నాయని మరికొందరు వాదించారు. తరువాత మరికొన్ని సమూహాలలోనూ ఇలాంటి కాంతి కనబడినట్లు వార్తలు వచ్చాయి.

తొలి ప్రకటనలో భాగస్వామి అయిన బోయరే 1999లో సహచరులతో కలిసి లెక్కను మళ్ళీ పరీక్షించారు. దూరదర్శిని తన దృష్టిపథమంతటా ఒకే తీరున కాంతిని గ్రహించదు. గెలాక్సీ సమూహాలు లేని ఆకాశాన్ని చూపి, ఆ హెచ్చుతగ్గులను కొలిచి సవరించగా, రెండు సమూహాలలో అదనపు కాంతి ఆనవాలు లేకుండా పోయింది. కన్య, కోమాలలో మాత్రం నిలిచింది. ఈ సవరణను లియూ బృందం అంగీకరించలేదు, వాదం కొనసాగింది.

ఈ పద్ధతి మనకు పరాయిది కాదు. కాంతిశాస్త్రానికి పునాదులు వేసిన ఇబ్నుల్ హైసమ్ వెయ్యేళ్ళ క్రితమే టాలమీ సిద్ధాంతాలపై తన సందేహాలను ఒక గ్రంథంగా రచించారు. నమ్మదగని వ్యక్తి తెచ్చిన వార్తను విచారించి నిర్ధారించుకోమని సూరా హుజురాత్ ఆదేశిస్తోంది.

నేడు మన ఇళ్ళలోని ఫోన్లకు ‘సైన్సు ఖుర్‌ఆన్‌ను రుజువు చేసింది’ అనే సందేశాలు వస్తుంటాయి. శాస్త్రజ్ఞుల లెక్క రేపు మారవచ్చు. పిల్లల విశ్వాసాన్ని దానికి ముడిపెడితే, లెక్క మారిన నాడు వారి మనసు చలిస్తుంది. అల్లాహ్ వాక్కుకు దూరదర్శిని సాక్ష్యం అవసరం లేదు. సృష్టిని చూచి అచ్చెరువొందడం, విన్నదానిని విచారించడం, ఈ రెండూ మన పిల్లలకు నేర్పుదాము.